గోల్ఫ్ పోటీకి పిల్లల మనసును సిద్ధం చేయడం ఎలా?

18 హోల్స్ (బంతిని చేర్చాల్సిన రంధ్రాలు) ఉన్న గోల్ఫ్ ఆట పూర్తి కావడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. అందులో క్లబ్ (బంతిని కొట్టే కర్ర) నిజంగా కదిలే సమయమంతా కూడినా కొన్ని నిమిషాలే తేలుతుంది. మిగిలినదంతా నడకలోనూ, వంతు కోసం నిలబడటంలోనూ, పోయిన షాట్ గురించి కుమిలిపోవడంలోనూ గడిచిపోతుంది. పోటీ మనస్తత్వం అనగానే చాలామంది తల్లిదండ్రులు పిల్లలకు కసి నూరిపోయాలని చూస్తారు. కబడ్డీలో అది పనికిరావచ్చు గానీ, ఎదుటివారి బంతిని అడ్డుకునే వీలే లేని గోల్ఫ్‌లో ఆ కసి తిరిగి తిరిగి ఆడేవారి చేతుల్లోకే వచ్చి, గ్రిప్‌ను బిగిస్తుంది. అందువల్ల ముందుగా నేర్పవలసినది షాట్‌కూ షాట్‌కూ మధ్య ఉండే ఆ ఖాళీ సమయాన్ని ఎలా గడపాలన్నదే.

మొదట ప్రతి షాట్‌కు ముందు పాటించే క్రమాన్ని స్థిరపరచాలి. బంతి వెనుక నిలబడి గురి చూసుకోవాలి. ఆ గురి ‘అటువైపు’ అన్నంత అస్పష్టంగా కాక, బంకర్ (ఇసుక గుంట) కుడి అంచు, దూరంగా కనిపించే వేపచెట్టు మొదలు అన్నంత కచ్చితంగా ఉండాలి. ఒక ప్రాక్టీస్ స్వింగ్ చేసి, నిదానంగా ఊపిరి వదిలి, బంతి దగ్గరకు వెళ్లి కొట్టాలి. వంతు వచ్చాక 40 సెకన్లలోపు షాట్ ముగించాలని గోల్ఫ్ నియమావళి సూచిస్తుంది కాబట్టి ఈ క్రమం క్లుప్తంగానే ఉండాలి. డ్రైవింగ్ రేంజ్‌లో (దూరం షాట్లు సాధన చేసే మైదానంలో) బుట్టెడు బంతులను వరుసగా బాదేసే పిల్లలకు ఈ క్రమం ఎన్నటికీ అలవడదు. కనీసం చివరి పది, పదిహేను బంతులనైనా, ఒక్కొక్కదానికీ క్లబ్ మార్చి, గురి మార్చి, పోటీలో కొట్టినట్టే కొట్టించాలి.

చెడ్డ షాట్ తర్వాత ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించి పెట్టాలి. కోపం రాకూడదని చెప్పడం వృథా, అది వస్తుంది. దానికి ఒక హద్దు గీయాలి: క్లబ్ తిరిగి బ్యాగులోకి వెళ్లేవరకు విసుక్కోవచ్చు, ఆ తర్వాత ఆ షాట్ ఊసెత్తకూడదు. తర్వాతి బంతి వరకు నడిచేటప్పుడు తోటి ఆటగాళ్లతో వేరే కబుర్లు చెప్పుకున్నా తప్పులేదు. పెద్ద ఆటగాళ్లకూ ఇది తేలికేమీ కాదు. గోల్ఫ్‌లో తక్కువ షాట్లతో ముగించినవారే విజేత. 2011లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్ చివరి రోజును నాలుగు షాట్ల ఆధిక్యంతో మొదలుపెట్టిన ఉత్తర ఐర్లాండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ ఆ రోజు 80 షాట్లు తీసుకుని టైటిల్ పోగొట్టుకున్నాడు. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే మరో పెద్ద టోర్నమెంట్ యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది షాట్ల తేడాతో గెలిచాడు. పిల్లలకు ఈ కథలోని రెండు భాగాలనూ చెప్పాలి. మాస్టర్స్ టైటిల్ మాత్రం అతనికి 2025 దాకా దక్కలేదని కూడా దాచకుండా చెప్పాలి.

ఒత్తిడిని ప్రాక్టీస్‌లోనే రుచి చూపించడం అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని. ప్రాక్టీస్ గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద రంధ్రం చుట్టూ మూడడుగుల దూరంలో నాలుగు బంతులు పెట్టించి, మూడు చుట్లు, అంటే మొత్తం పన్నెండు పుట్లు (బంతిని నేల మీద దొర్లించి రంధ్రంలో వేసే షాట్లు), ఒక్కటీ తప్పకుండా వేయమనాలి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి నుంచే. పదకొండో పుట్ దగ్గర పిల్లల భుజాలు ఎలా బిగుసుకుంటాయో, అప్పటిదాకా నింపాదిగా చూసుకున్నవారు ఎలా తొందరపడతారో గమనించండి; పోటీలో ఆఖరి హోల్ దగ్గర జరిగేది అచ్చంగా ఇదే. రెండో పద్ధతి, ప్రతి చోటా రెండు బంతులు కొట్టి, వాటిలో చెత్తదాని దగ్గర నుంచే ఆట కొనసాగించడం. ఓపికకు ఇంతకు మించిన పరీక్ష లేదు కాబట్టి, పదేళ్లలోపు వారితో మూడు నాలుగు హోల్స్‌కు మించి ఆడించవద్దు. మూడోది కొందరు కోచ్‌లు పట్టించుకోనిది: అప్పుడప్పుడు రంధ్రానికి బాగా దగ్గరగా ముందున్న టీల (హోల్ మొదటి షాట్ కొట్టే చోట్ల) నుంచి ఆడించడం. పార్ (కోర్సుకు నిర్ణయించిన షాట్ల సంఖ్య) కంటే రెండు మూడు షాట్లు తక్కువలో ఉన్నప్పుడు చాలామంది పిల్లలు తెలియకుండానే భయపడి, ఉన్నది కాపాడుకోవాలని చూస్తారు. తక్కువ స్కోరులో ఉండటం వారికి మామూలు సంగతిగా అనిపించాలంటే, దాన్ని సులువైన టీల నుంచి పదేపదే చవిచూడాలి.

ఆశలు కూడా లెక్కలో ఉండాలి. ఎనిమిది అడుగుల పుట్‌ను అమెరికాలోని ప్రొఫెషనల్ పోటీల శ్రేణి అయిన పీజీఏ టూర్ ఆటగాళ్లే సుమారు సగంసార్లు తప్పిస్తారు. ఈ మాట తెలియని పిల్లలు అలాంటి పుట్ తప్పిన ప్రతిసారీ తమలో ఏదో లోపముందని కుంగిపోతారు. దూరం విషయంలోనూ అంతే. టోక్యో ఒలింపిక్స్‌లో భారత గోల్ఫర్ అదితి అశోక్ చాలామంది పోటీదారుల కంటే తక్కువ దూరం కొడుతూనే, పుటింగ్ బలంతో ఒక్క షాట్ తేడాలో పతకం చేజారేంత దగ్గరకు వచ్చి నాలుగో స్థానంలో నిలిచింది. తోటివారికంటే పొట్టిగా, బక్కపలచగా ఉన్న పన్నెండేళ్ల పిల్లలకు ఈ ఉదాహరణ ఎంతో ధైర్యమిస్తుంది.

ఇక తల్లిదండ్రుల సంగతి. పుట్ తప్పగానే పిల్లలు మొదట చూసేది మీ ముఖం వైపే. మీరు తల పట్టుకుంటే వారికి ఆ ఒక్క షాట్‌కు రెండు శిక్షలు పడినట్టు. వీలైతే ఒక హోల్ దూరంలో, ముఖం కనపడనంత ఎడంగా నడవండి. కేడీని (బ్యాగు మోసే సహాయకుడిని) తప్ప ఇంకెవరినైనా సలహా అడిగితే స్ట్రోక్ ప్లేలో (మొత్తం షాట్లు లెక్కించే పోటీలో) ఆటగాడికి రెండు షాట్ల శిక్ష పడుతుంది కాబట్టి, ఏ క్లబ్ తీసుకోవాలో సైగ చేసే అలవాటు మీకుంటే అది ఇంటి దగ్గరే వదిలి రావాలి. ఆట ముగిశాక కారెక్కగానే “ఎంత కొట్టావ్?” అని అడగకండి. ముందు కడుపు నిండనివ్వండి. వారే మాట ఎత్తాక, ఏ షాట్ బాగా కుదిరింది, ఎక్కడ తొందరపడ్డావు అని అడగండి. స్కోర్‌కార్డ్‌తోపాటు ఒక చిన్న నోట్‌బుక్‌లో, పూర్తిగా నిర్ణయించుకున్నాకే కొట్టిన షాట్లు ఎన్నో వారినే రాసుకోనివ్వండి. ఆ లెక్క పెరుగుతూ ఉంటే స్కోరు ఈ వారం దిగకపోయినా కంగారు అక్కరలేదు.

శిక్షను తానే ప్రకటించుకోవడం కూడా ఇందులో భాగమే. గ్రీన్ బయట అడ్రస్ చేసేటప్పుడు (కొట్టడానికి బంతి వెనుక క్లబ్ ఆనించేటప్పుడు) తన వల్ల బంతి కదిలితే, ఎవరూ చూడకపోయినా ఒక షాట్ కలుపుకోవాలి. సంతకం చేసేముందు కార్డులోని ప్రతి హోల్ స్కోరునూ మార్కర్‌తో (తన స్కోరు రాసిన వ్యక్తితో) సరిచూసుకోవాలి. ఏ హోల్‌కైనా నిజానికంటే తక్కువ అంకె ఉన్న కార్డు ఇస్తే మామూలుగా అనర్హత వేటు పడుతుంది.

మొదటి పోటీగా రోజూ ఆడే కోర్సులో జరిగే 9 హోల్స్ టోర్నమెంట్‌నే ఎంచుకోండి. అక్కడ కనీసం చెట్లూ బంకర్లూ పరిచయమైనవే ఉంటాయి. హైదరాబాద్, విశాఖ వంటి చోట్ల ఏప్రిల్, మే ఎండల్లో ఆఖరి నాలుగు హోల్స్‌లో కనిపించే చిరాకు చాలాసార్లు ఆకలీ దాహమే తప్ప మనోబలం లేకపోవడం కాదు. మూడు హోల్స్‌కు ఒకసారి నాలుగు గుక్కల నీళ్లు, సగం అరటిపండు బ్యాగులో నుంచి తీయడం కూడా క్రమంలో భాగంగానే నేర్పండి. పోటీకి ముందు రాత్రి పిల్లలు కడుపునొప్పి అంటే బెదరకండి, బుజ్జగించి పడుకోబెట్టండి. ప్రతి పోటీకీ ముందు అదే జరుగుతుంటే మాత్రం రెండు నెలలపాటు టోర్నమెంట్ల పేరెత్తకుండా స్నేహితులతో సరదాగా ఆడుకోనిచ్చి, తిరిగి ఎప్పుడు పేరు ఇవ్వాలో వారినే చెప్పనివ్వండి.