పంటి బిగువు వదలడం – 2వ పాఠం: పగటి బిగింపును పట్టుకోవడం

కిందటి పాఠంలో చెవి ముందు వేళ్ళు ఆనించి, నోరు తెరుస్తూ మూస్తూ దవడ కీలు ఎక్కడుందో కనుక్కున్నాం. కొందరికి 'టక్' మని చప్పుడు వినిపించి ఉంటుంది. నొప్పి లేకుండా, నోరు పట్టేయకుండా ఉత్త చప్పుడే వస్తుంటే మామూలుగా దానికి వైద్యం అక్కర్లేదు. ఈ వారం మన పని కీలుతో కాదు, దాన్ని నడిపే కండరాలతో.

ఇది చదువుతూ ఉన్నచోటే ఆగి చూసుకోండి. మీ పై పళ్ళూ కింది పళ్ళూ తగులుకుని ఉన్నాయా?

నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప అవి తగలాల్సిన అవసరం లేదు. ఊరికే ఉన్నప్పుడు వాటి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. పెదవులు మూసే ఉండొచ్చు, పళ్ళు మాత్రం విడిగా ఉండాలి.

'పంటి బిగువున భరించింది' అని మనం మెచ్చుకోలుగా అంటాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక చాలా ఇళ్ళలో జరిగింది అక్షరాలా అదే. ఆ ఏడాది ఆఖర్లో నా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చారు. చెవిపోటని రెండు నెలలు చుక్కల మందు వేసుకున్నారు. చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదని పంపించారు. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసులు, మధ్యమధ్యలో లేచి అత్తగారి వేలికి ఆక్సిమీటర్ పెట్టడం. ఆ అంకె కోసం ఎదురుచూసే క్షణాల గురించి చెబుతుంటే ఆమె చెంపలో, చెవి కిందుగా, కండ ఉండలా లేచింది. అద్దం చేతికిచ్చాను. "నేనేం చెయ్యట్లేదండీ" అన్నారు. నిజంగానే ఆమెకు తెలియదు.

భయం వేస్తే ఒళ్ళు కాచుకోవడానికి సిద్ధమవుతుంది. భుజాలు లేస్తాయి, మెడ బిగుస్తుంది, దవడ కూడా బిగుస్తుంది. భయం తీరితే అన్నీ సడలుతాయి. కరోనా భయం, జీతం భయం నెలల తరబడి తీరలేదు. కండరానికి విరామం దొరక్క సలపడం మొదలైంది. నిద్ర చెదిరింది. నిద్ర చాలని ఒంటికి నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, ఆ నొప్పి మళ్ళీ నిద్ర చెడగొడుతుంది. అప్పటికే దవడ నొప్పి ఉన్నవాళ్ళు ఈ చక్రంలో బాగా నలిగిపోయారు, పైగా అత్యవసరమైతే తప్ప పళ్ళ డాక్టర్లు చూడని రోజులవి. 2020లో ఇజ్రాయెల్, పోలండ్ దేశాల్లో ఆన్‌లైన్ ప్రశ్నావళితో చేసిన అధ్యయనంలోనూ దవడ నొప్పి, పళ్ళు బిగించడం, నూరడం పెరిగినట్టు తేలింది. అమెరికా దంతవైద్యుల సంఘం 2021 సర్వేలో 70 శాతానికి పైగా డాక్టర్లు పళ్ళు నూరే, బిగించే కేసులు పెరిగాయన్నారు. కాబట్టి మీకెవరైనా "అదంతా టెన్షన్, నీ ఊహ" అంటే నమ్మకండి. టెన్షన్ నిజం, నొప్పీ నిజం.

లాక్‌డౌన్ ఎప్పుడో పోయింది. కొందరి దవడకు ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇక సాధన మొదలుపెడదాం.

'మ్‌మ్‌మ్' అని మెల్లగా పలికి, ఆపేసి, నోటిని అలాగే వదిలేయండి. పెదవులు కలిసి ఉంటాయి, పళ్ళు విడిపోయి ఉంటాయి. ఇప్పుడు నాలుక. 'న' అనబోయి ఆగిపోండి. 'ణ' కాదు, దానికి నాలుక వెనక్కి మడత పడుతుంది. 'న' దగ్గర నాలుక కొన పై పళ్ళ వెనక చిగురు మీద తేలిగ్గా ఆనుతుంది. ఒత్తకండి. అరచేతులు చెంపల మీద పెట్టి చూడండి, కండ మెత్తగా ఉండాలి. ముక్కుతో గాలి పీల్చి, నెమ్మదిగా వదులుతూ భుజాలు దించండి. మొత్తం అర నిమిషం పని.

కష్టమంతా గుర్తుంచుకోవడంలోనే ఉంది. అందుకే ఆ టీచరమ్మకు ఒక స్టిక్కర్ బొట్ల అట్ట కొనమన్నాను. ల్యాప్‌టాప్ మూలన ఒకటి, ఫోన్ వెనక ఒకటి, స్టవ్ ఎదురుగా గోడకి ఒకటి, స్కూటీ అద్దం అంచున ఒకటి. బొట్టు కనబడగానే 'మ్', 'న', ఒక ఊపిరి. పళ్ళు తగులుకుని ఉన్నట్టు దొరికిన ప్రతిసారీ క్యాలెండర్‌లో చిన్న గీత పెట్టుకోండి. మొదటి రెండు మూడు రోజులు గీతలు పెరుగుతాయి. కంగారు వద్దు, బిగింపు పెరగలేదు, మీ చూపు పదునెక్కింది. ఏ పని దగ్గర గీతలు ఎక్కువ పడుతున్నాయో కూడా రాసుకోండి. ఆమెకు క్లాసులప్పుడు తక్కువే పడ్డాయి, వాట్సాప్ చూసేటప్పుడు ఎక్కువ.

ఈ వారం చూయింగ్ గమ్, చెరకు ముక్కలు, గట్టి చెక్కలు మానేయండి. సాయంత్రం గోరువెచ్చటి గుడ్డతో చెంపకు పది నిమిషాలు కాపడం పెట్టుకోవచ్చు. రాత్రి నిద్రలో నూరేదాన్ని మాత్రం ఈ సాధనతో ఆపలేం. పొద్దున్నే దవడ పట్టేసినట్టుంటే డాక్టరును కలిసి, రాత్రి పెట్టుకునే పళ్ళ తొడుగు అవసరమా అని అడగండి.

నోరు తెరుచుకోకుండా పట్టేసినా, వాపూ జ్వరమూ ఉన్నా, యాభై దాటినవాళ్ళకి నమిలేటప్పుడు కొత్తగా దవడ నొప్పితో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నా ఈ పాఠాలు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దవడ నొప్పితో ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది గుండె కావచ్చు, 108కి ఫోన్ చేయండి.

వచ్చే పాఠంలో నోరు పక్కకు జారకుండా తిన్నగా తెరవడం నేర్చుకుందాం. గోడ అద్దం మీద కాటుక పెన్సిల్‌తో నిలువుగా ఒక గీత గీసి ఉంచండి.