తొలకరికి ముందు పాత మారుతి ఛాంబర్ విప్పుతున్నారా?

వానలు పడ్డాక రోడ్డు మీద గుంత ఏదో, ఉత్త నీటి మడుగు ఏదో తెలియదు. 12 అంగుళాల చక్రాల మీద నడిచే మారుతి 800 అయితే, నీటిలో దాగిన రాయి నేరుగా ఇంజన్ అడుగుకే తగులుతుంది. అక్కడ ఉండేది పల్చటి రేకుతో చేసిన ఆయిల్ ఛాంబర్. పుస్తకాల్లో సంప్ అనీ, ఆయిల్ పాన్ అనీ రాస్తారు. ఈ బండ్ల తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. కాబట్టి ఇంకా తిరుగుతున్న వాటిలో ఛాంబర్‌కు సొట్టో, తుప్పో, కారుడో లేని బండి అరుదు. మా ఇంటి బండికైతే మూడూ ఉండేవి.

విప్పే ముందు ఒక్క పని చేయండి. ఇంజన్ అడుగును శుభ్రంగా తుడిచి, రెండు రోజులు బండి నడిపి, మళ్లీ చూడండి. పైన టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ పోయినా, క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ఆయిల్ సీల్ అరిగినా నూనె కిందికి జారి ఛాంబర్ అంచునే చుక్క కడుతుంది. ఛాంబర్ విప్పి, కొత్త ప్యాకింగ్ వేసి, మర్నాడు అదే మరక చూసి తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

బండి కిందికి వెళ్లేటప్పుడు జాకీని నమ్మకండి. అది చక్రం మార్చడానికే. బండిని చదునైన గచ్చు మీద నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టి, ముందు భాగాన్ని ఇనుప స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలు వద్దు. అవి ముందుగా చెప్పి పగలవు. స్టాండ్లు పెట్టాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి.

నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపితే మడ్డి కూడా వస్తుంది. అప్పుడే ఆపిన ఇంజన్‌లోని నూనె మాత్రం చేతిని కాలుస్తుంది. వాడిన నూనె చర్మానికి మంచిది కాదు, తొడుగులు వేసుకోండి. దాన్ని కాలువలో పోయకుండా, పాత నూనె కొనేవారికి డబ్బాలో ఇవ్వండి.

బోల్టులన్నీ 10 నంబరు పానాకు వస్తాయి. అవి తీశాక కూడా ఛాంబర్ ఊడి రాదు, కారకుండా అంచుకు పూసిన పాత సిలికాన్ పేస్టు పట్టేసి ఉంటుంది. ఇక్కడే అందరికీ స్క్రూడ్రైవర్ మీద చేయి పడుతుంది. దాన్ని సందులో దూర్చి కొడితే ఇంజన్ బ్లాకు అంచుకు గీత పడుతుంది. ఆ గీతను ఏ ప్యాకింగూ మూయలేదు. రబ్బరు సుత్తితో పక్కల నుంచి తడుతూ, పల్చటి బ్లేడుతో కొంచెం కొంచెంగా కోయండి.

ఇక సొట్ట సంగతి. కారడం లేదు కదా అని దీన్ని వదిలేస్తారు. నా దృష్టిలో కారే ఛాంబర్ కంటే సొట్టపడిన ఛాంబరే ప్రమాదకరం. నూనెను పైకి పీల్చే గొట్టం చివర ఒక జల్లెడ ఉంటుంది, అదే స్ట్రైనర్. అది ఛాంబర్ అడుగుకు కొద్దిపాటి ఎడంలోనే వేలాడుతుంది. రేకు లోపలికి నొక్కుకుపోయి జల్లెడకు ఆనిందంటే, నూనె మట్టం చూసే గేజ్ కడ్డీ మీద నిండుగా కనిపిస్తున్నా బేరింగులకు అందదు. రాయి తగిలిన తరువాత డాష్‌బోర్డులో నూనె ఒత్తిడి తగ్గిందని చెప్పే ఎర్ర దీపం వెలిగితే వెంటనే ఇంజన్ ఆపండి. ఇంటిదాకా వెళ్దాం అనుకుంటే క్రాంక్ పోతుంది.

సొట్టను లోపలి నుంచి చెక్క మీద ఆనించి తట్టండి. బోల్టు రంధ్రాల చుట్టూ అంచు పైకి లేచి ఉంటుంది, దాన్నీ చదును చేయాలి. చదును అద్దం మీద బోర్లించి చూస్తే ఎక్కడ లేచిందో తెలుస్తుంది. చిల్లుకు ఎంసీల్ పెట్టడం ఊరు చేరడానికి పనికొస్తుంది, అంతే. గ్యాస్ వెల్డింగ్‌కు ఇచ్చే ముందు నూనె జిడ్డంతా పోయేలా సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. జిడ్డు ఉంటే మంట అంటుకుంటుంది, అతుకూ నిలవదు. పెట్రోలుతో కడిగి వెంటనే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లకండి. తుప్పుతో రేకు వేలికి మెత్తగా తగిలితే మరమ్మతు దండగ, కొత్తది కొనండి.

సిలికాన్ విషయంలో మన చేయి పెద్దది. పూతరేకులకు నెయ్యి పూసినంత ధారాళంగా పూస్తాం. అంచుల మీద పాత ముక్కలు, నూనె తడి పూర్తిగా పోయాక, సుమారు 3 మిల్లీమీటర్ల గీత ఒక్కటి, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, తెగకుండా గీస్తే చాలు. ఎక్కువైనది లోపలికి పొంగి, ఊడి, ఆ జల్లెడకే అడ్డుపడుతుంది. పొర కట్టకముందే ఛాంబర్ ఎక్కించి, మధ్య బోల్టులతో మొదలుపెట్టి చివరలకు వెళ్తూ బిగించండి. ఇవి చిన్న బోల్టులు, 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగాలి. బలం చూపిస్తే మరలు ఊడి చేతికొస్తాయి. నూనె దింపడానికి విప్పిన డ్రెయిన్ నట్‌కు కొత్త వాషర్ వేయండి.

24 గంటలు ఆగి నూనె పోయండి. ఇంజన్ వేశాక ఎర్ర దీపం కొద్ది క్షణాల్లో ఆరాలి, ఆరకపోతే కట్టేయండి. రాత్రికి బండి కింద అట్టముక్క పరచండి. ఉదయం దాని మీద చుక్క కనిపిస్తే బోల్టులు ఇంకాస్త బిగించబోకండి. గట్టిపడిన సిలికాన్ నలిగి ఇంకా కారుతుంది. మళ్లీ విప్పడమే.