ఫ్రీడల్ డికర్ బ్రాండైస్‌ను మన బడిలో స్మరించుకోవడం ఎలా

యూదుల మారణహోమ స్మృతి దినం జనవరి 27. 1945లో నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరానికి విముక్తి లభించిన ఆ తేదీని ఐక్యరాజ్య సమితి 2005లో ఖరారు చేసింది. అయితే మన నల్లగొండ బడుల్లో గణతంత్ర దినోత్సవపు అలసట మరునాటికి తీరదు, యూదు చిత్రకారిణి ఫ్రీడల్ ఆ శిబిరంలో హత్యకు గురైన అక్టోబరు 9 కొన్ని ఏళ్లలో దసరా సెలవుల్లో పడుతుంది. కాబట్టి ఆమె పుట్టిన జూలై 30ని ఎంచుకోవడమే మేలు.

ముందుగా ఆమె చేసిన పనిని పిల్లలకు వివరించాలి. 1898లో వియన్నాలో పుట్టి, జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చదివిన ఈ చిత్రకారిణిని నాజీలు 1942 డిసెంబరులో ప్రాగ్‌కు ఉత్తరాన యూదులను నిర్బంధించిన తెరెజీన్ ఘెట్టోకు తరలించినప్పుడు, ఆమె సామానులో రంగులూ కాగితాలూ సర్దుకుని వెళ్లి, అక్కడి పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పారు. కాగితం చాలక వాడేసిన ఆఫీసు ఫారాలను కూడా వాడుకున్నారు, బొమ్మ మీద గీసినవారి పేరు రాయించారు. 1944లో భర్తను ఆష్విట్జ్‌కు పంపేశాక ఆమె తానుగా ముందుకొచ్చి కొద్ది రోజులకు మరో రైలెక్కారు. అక్కడ ఆమెను చంపేశారు, భర్త బతికారు. రెండు సూట్‌కేసుల్లో ఆమె దాచి వెళ్లిన దాదాపు 4,500 బొమ్మలు నేడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని గీసిన పిల్లల్లో ఎక్కువమందిని కూడా చంపేశారు.

ఫోటోకు దండ వేసి కొబ్బరికాయ కొట్టడం ఇక్కడ తగదు. యూదులు వర్ధంతికి ఒక దీపాన్ని రోజంతా వెలిగిస్తారు, సమాధి మీద చిన్న రాయి ఉంచుతారు. వారి ప్రార్థనలను మనం అనుకరించనక్కరలేదు, ఒక్క దీపం చాలు. శవాల గుట్టల ఫోటోలను ఆరో తరగతి పిల్లలకు చూపవద్దు. వక్తలెవరైనా ఉంటే, మన ఊళ్ల స్తూపాల మీద ఉన్న సాయుధ పోరాట వీరులనూ ఈమెనూ ఒకే గాటన కట్టవద్దని ముందే చెప్పాలి. వారు పోరాడుతూ ప్రాణమిచ్చారు, ఈమెను యూదురాలైనందుకు చంపారు.

తరువాత పాత పరీక్ష పేపర్లు పంచి, వెనుక వైపు ఇష్టమైనది గీయమనాలి. శిబిరాన్ని గీయమని అడగకూడదు. బత్తాయి తోట, పానగల్లు చెరువు, ఇంటి గడప, ఏదైనా సరే. మార్కులు వేయకుండా, పేరు, ఊరు, తేదీ రాయించి లైబ్రరీ బీరువాలో భద్రపరచాలి. దీనికి రెండు పీరియడ్లు కావాలి. ఒక్కటే దొరికితే ఉపన్యాసాన్ని తగ్గించాలి గానీ బొమ్మల సమయాన్ని కాదు.