ఘాట్ దిగేటప్పుడు మలుపులో క్లచ్ పట్టకండి

అరకు నుంచి అనంతగిరి మీదుగా ఎస్.కోట వైపు బండి మీద దిగేవాళ్లలో చాలామంది మలుపు రాగానే క్లచ్ పూర్తిగా నొక్కేసి, బ్రేక్ మీదే భారం వేస్తారు. దయచేసి ఈ అలవాటు మానుకోండి. క్లచ్ నొక్కితే ఇంజిన్‌కీ వెనక చక్రానికీ సంబంధం తెగిపోతుంది. పల్లంలో బండిని ఆపి పట్టేది ఇక బ్రేకులే. వాటిని అదే పనిగా నొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతుంది.

మలుపుకి ముందే, బండి నిటారుగా ఉండగానే స్పీడ్ తగ్గించి గేర్ దించండి. ఏ గేర్ అంటారా? యాక్సిలరేటర్ వదిలేసినా బండి స్పీడందుకోకుండా దిగితే అదే సరైన గేర్. గేర్ దించాక క్లచ్‌ని ఠక్కున వదలొద్దు, వెనక చక్రం ఒక్క క్షణం బిగుసుకుని జారుతుంది. యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి, వేళ్లని మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం పెరుగుతుంది కానీ కుదుపు రాదు. తడి రోడ్డు మీద ఇది మరీ ముఖ్యం.

బండి వంగాక క్లచ్ జోలికి పోకుండా, యాక్సిలరేటర్ కొద్దిగా, ఒకేలా పట్టుకుని తిప్పండి. మరీ ఇరుకైన హెయిర్‌పిన్‌లో (దాదాపు వెనక్కి తిరిగే U ఆకారపు మలుపులో) ఇంజిన్ ఆగిపోయేలా ఉంటే మాత్రం సగం క్లచ్ తప్పు కాదు.

ఇంకొకటి, ఇంజిన్‌తో స్పీడ్ తగ్గిస్తే వెనక బ్రేక్ లైట్ వెలగదు. వెనక వాహనం దగ్గరగా ఉంటే బ్రేక్ పెడల్‌ని అలా తాకించండి.

పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం అసలు వద్దు. ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బురేటర్‌కి బదులు ఎలక్ట్రానిక్‌గా పెట్రోల్ అందించే పద్ధతి) ఉన్న బళ్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చాలావరకు పెట్రోల్ సరఫరా దానంతటదే ఆగుతుంది.