ట్యాగులతో నెట్‌వర్క్ కాపలా - 4: తిరుగు గడి

కిందటి పాఠం అభ్యాసంలో ట్రస్ట్‌సెక్ (యంత్రాలకిచ్చిన ట్యాగు నంబర్లను బట్టి రాకపోకలు అదుపు చేసే సిస్కో పద్ధతి) మ్యాట్రిక్స్ (ఏ ట్యాగు నుంచి ఏ ట్యాగుకు ఏం వెళ్లవచ్చో గళ్లలో రాసే పట్టిక) డిఫాల్ట్‌ను, అంటే ఖాళీ గడికి వర్తించే నియమాన్ని, ‘పర్మిట్ ఐపీ’ (అన్నీ వదులు) నుంచి ‘డినై ఐపీ’కి (అన్నీ ఆపు) మార్చగానే చాలామందికి వెబ్ సర్వర్ నుంచి డేటాబేస్ అందకుండా పోయింది. ట్యాగు 10 (వెబ్) నుంచి ట్యాగు 20 (డీబీ) గడిలో ‘పర్మిట్ టీసీపీ డీఎస్‌టీ ఈక్యూ 3306’ (చేరే పోర్టు డేటాబేస్‌దైన 3306 అయితే వదులు) ఉంది కదా, ఇంకేం కావాలని అడిగారు. ఎస్‌ఎక్స్‌పీని (పరికరాల మధ్య ట్యాగుల సమాచారం చేరవేసే ప్రొటోకాల్) ఇంకో పాఠంలో చూద్దాం, ముందు ఇది తేలాలి.

గడిలో రాసే నియమాల జాబితాకు, అంటే ఎస్‌జీఏసీఎల్‌కు, జ్ఞాపకం లేదు. ఫైర్‌వాల్‌లా ‘ఈ కనెక్షన్ నేనే వదిలాను, జవాబును రానిద్దాం’ అనుకోదు. ఒక్కో ప్యాకెట్‌కూ పంపినవాడి ట్యాగు, అందుకునేవాడి ట్యాగు, ప్రొటోకాల్, పోర్టు చూస్తుంది, అంతే. జవాబు 20 నుంచి 10కి వెళ్తుంది. అది వేరే గడి. ఇన్నాళ్లూ ఆ గడి ఖాళీగా ఉన్నా డిఫాల్ట్ పుణ్యమా అని నడిచింది. మన డెల్టాలో పొలానికి నీరు తెచ్చేది పంట కాలువ, తీసేది మురుగు కాలువ. ఒకటి తవ్వితే రెండోది దానంతటదే రాదు. 20 నుంచి 10 గడిలో ‘పర్మిట్ టీసీపీ ఎస్‌ఆర్‌సీ ఈక్యూ 3306’, కింద ‘డినై ఐపీ’ రాయండి. డీఎస్‌టీ కాదు, ఎస్‌ఆర్‌సీ: జవాబులో 3306 బయల్దేరే పోర్టు.

ఇక అందరూ పడే గొయ్యి. డీబీ వైపు స్విచ్‌లో ‘షో సీటీఎస్ రోల్-బేస్డ్ కౌంటర్స్’ (ఎన్ని ప్యాకెట్లు వదిలిందో, ఎన్ని ఆపిందో చూపే ఆదేశం) కొట్టి, డినైడ్ సున్నా ఉందని ‘ట్యాగుల తప్పు కాదు’ అని తేల్చేస్తారు. అడ్డుకునేది ప్యాకెట్ గమ్యం వైపు బయటికి పోయే చివరి స్విచ్. సిన్‌ను (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) ఆపాలంటే డీబీ వైపు స్విచ్ ఆపాలి, అది వదిలింది. దానికి జవాబైన సిన్-ఆక్‌ను ఆపేది వెబ్ సర్వర్ తగిలిన స్విచ్. లెక్క అక్కడ పెరుగుతుంది, అక్కడ చూడండి. డీబీ మీద ‘ఎస్‌ఎస్ -ఏ’ (కనెక్షన్ల స్థితి చూపే లినక్స్ ఆదేశం) కొడితే సిన్-రిసీవ్‌డ్, వెబ్ మీద సిన్-సెంట్ కనిపిస్తే జవాబు దారిలో పోయినట్టే. తిరుగు గడినే ముందు అనుమానించాలి. రెండూ ఒకే స్విచ్‌కు తగిలి ఉంటే ఈ తిప్పలు లేవు.

ఒకే ట్యాగున్న రెండు డీబీల మధ్య రెప్లికేషన్ (ఒకదాని డేటాను రెండోదానికి నకలు చేయడం) కూడా 20 నుంచి 20 గడికి లోబడిందే. అందులో డీఎస్‌టీ, ఎస్‌ఆర్‌సీ వరుసలు రెండూ కావాలి. అవి ఒకే హోస్టులో వర్చువల్ మెషీన్లైతే ప్యాకెట్ భౌతిక స్విచ్ దాకా రాకపోవచ్చు, అప్పుడు ఈ గడికి పనే లేదు.

ఎస్‌ఆర్‌సీ వరుస కాస్త వదులైనదే: డీబీ దాడి చేసినవాడి చేతికి చిక్కితే 3306 నుంచి బయల్దేరి వెబ్‌లో ఏ పోర్టునైనా తట్టవచ్చు. అది సహించరాని చోట నేనైతే ఫైర్‌వాలే పెడతాను. ట్యాగు నంబర్లు పదుల్లో ఇవ్వండి, మధ్యలో చోటుంటుంది.

అభ్యాసం: భీమవరంలో ఒక రొయ్యల శుద్ధి కర్మాగారం. వెబ్ 10, డీబీ 20 (రెండు, రెప్లికేషన్‌తో), కోల్డ్ స్టోరేజీ సెన్సర్లు 30, ఎంక్యూటీటీ సర్వర్ (సెన్సర్ల సందేశాలు అందుకునేది) 40, డీఎన్‌ఎస్-ఎన్‌టీపీ (పేర్ల చిరునామాలు, సమయం చెప్పే సర్వర్) 50. సెన్సర్లు 40కి 1883లో పంపుతాయి. 10, 40 రెండూ డీబీలో రాస్తాయి. 10, 20, 30, 40 అన్నీ 50ని అడుగుతాయి. డిఫాల్ట్ డినై. ముందు కాగితం మీద గళ్లన్నీ పోర్టులతో రాయండి, తర్వాతే ఐఎస్‌ఈ (ఈ మ్యాట్రిక్స్ నింపే సిస్కో సర్వర్) తెరవండి. 15 కంటే తక్కువ గళ్లు వస్తే ఏదో వదిలేశారు.