తోటి ఉద్యోగి తప్పుకి మీ జీతం ఆపేస్తే ఎలా అడగాలి?

స్టాకులో లోటు వస్తుంది, లేదా ఎవరో డబ్బు పట్టుకుని మాయమవుతారు. మర్నాడు పైనుంచి మాట వస్తుంది: "విచారణ తేలేదాకా ఆ సెక్షన్‌లో ఎవరికీ జీతాలు లేవు." నేను చాలా ఏళ్లు జీతాల లెక్కలు చూశాను. ఇలా ఇరుక్కున్న ఎంతోమందికి లేఖలు రాసిపెట్టాను. న్యాయం పూర్తిగా తమ వైపే ఉన్నవాళ్లు కూడా ఒక్క వాక్యంతో పని చెడగొట్టుకోవడం చూడలేక ఇది రాస్తున్నాను.

ముందు కాగితాలు. అపాయింట్‌మెంట్ లెటర్, పాత పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు వివరాలు. ఆఫీసు మెయిల్‌లో ఉన్నవాటిని ఇవాళే దాచుకోండి. లాగిన్ తీసేశాక దొరకవు. మీ కాగితాలు మాత్రమే తీసుకోండి, ఇంకొకరి ఫైళ్ల జోలికి పోవద్దు. దీనికి అరగంట చాలు.

తర్వాత, కారణాన్ని రాతలో తెప్పించుకోండి. "ఫలానా నెల జీతం నా ఖాతాలో పడలేదు. ఎంత ఆపారు, ఏ నిబంధన కింద ఆపారో తెలియజేయగలరు" అని మెయిల్ పెట్టండి. రెండు రోజుల్లో జవాబు రాకపోతే, మేనేజర్ మీతో నోటితో అన్న మాటనే తేదీ, సమయంతో సహా రాసి ఆయనకే పంపండి. ఆయన కాదనకపోతే రేపు అది మీకు పనికొస్తుంది. వాట్సాప్‌లో వద్దు, మెయిలే.

ఇక అసలు లేఖ. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

ఈ లేఖ మీ జీతం గురించి. తప్పు చేసిన మనిషి గురించి ఇందులో ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. కడుపు మండుతున్నప్పుడు చేయి ఊరుకోదు, "అతను దొంగతనం చేస్తే నాకేం సంబంధం?" అని రాసేస్తారు. చూడటానికి న్యాయమైన ప్రశ్నే. కానీ అతను దొంగ అని అందులో మీరే తేల్చేశారు. వెంటనే "నీకెలా తెలుసు? ఎప్పటినుంచి తెలుసు? తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అంటారు. జీతం అడగడానికి వెళ్లినవారు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. పోనీ అతన్ని వెనకేసుకొచ్చి "అతను అలాంటివాడు కాదు" అని రాస్తే ఇద్దరూ ఒకటే అంటారు. రెండూ వద్దు.

దీనికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇంకొకటి ఉంది: "కావాలంటే నా వంతు పట్టుకుని మిగతాది ఇవ్వండి." మర్యాదకి రాస్తారు, త్వరగా తేలిపోతుందని రాస్తారు. "నా వంతు" అనగానే నష్టంలో మీకు వాటా ఉందని ఒప్పుకున్నట్టే. నా పక్క సీటులో పనిచేసిన అమ్మాయి ఇలాగే రాసింది. ఆ తర్వాత ఎన్ని లేఖలు పెట్టినా ఆ ఒక్క వాక్యాన్నే ఆమె ముందు పెట్టేవారు.

రాయాల్సింది ఇంతే: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇన్ని రోజులు పనిచేశాను. రావాల్సిన జీతం ఇంత. ఇంకా అందలేదు. 7 రోజుల్లో చెల్లించగలరు. ఏదైనా నష్టానికి నేను బాధ్యత వహించాలని మీరు భావిస్తే, ఆధారాలు చూపి ముందుగా నా సంజాయిషీ తీసుకోగలరు." ఒక్క పేజీ దాటకూడదు.

ఆ చివరి వాక్యం నేను ఊరికే పెట్టలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో చేసిన 95వ ఒప్పందం ప్రకారం, ఆ దేశపు చట్టమో, యాజమాన్యం, కార్మిక సంఘం చేసుకున్న సమష్టి ఒప్పందమో, మధ్యవర్తిత్వ తీర్పో అనుమతిస్తేనే జీతంలో కోత పెట్టాలి. అదే ఏడాది వచ్చిన 85వ సిఫార్సు మరీ స్పష్టంగా ఉంది. నష్టానికి ఆ కార్మికుడే బాధ్యుడని స్పష్టంగా రుజువు కావాలి, కోత అసలు నష్టాన్ని మించకూడదు, ముందు అతని మాట వినాలి. సిఫార్సు దానంతటదే చట్టం కాదు. మీ దేశంలో చట్టం ఏం చెబుతోందో చూసుకోవాల్సిందే. బ్రిటన్‌లో 1996 నాటి చట్టం దుకాణాల్లో పనిచేసేవారికి నగదు లోటు కింద కోతను ఒప్పుకుంటుంది, కానీ ఉద్యోగంలో ఉండగా ఒక్కో జీతంలో 10 శాతానికి మించి కాదు.

చాలామంది మొదటిరోజే లాయర్ నోటీసు పంపమంటారు. నేను ఒప్పుకోను. నోటీసు అందగానే ఫైలు వాళ్ల లాయర్ చేతికి పోతుంది, జీతం వేసే అకౌంట్స్ మనిషి చేతులు కట్టేసుకుంటాడు. మామూలు లేఖకి ఆ మనిషి ఇంకా జవాబు ఇవ్వగలడు. అందరూ కలిసి ఒకే లేఖ రాయడమూ తప్పే. ఒక్కొక్కరి రోజులు వేరు, లెక్కలు వేరు. వాళ్లలో ఒకరు వెనక్కి తగ్గితే మిగతావారి మాట కూడా పలచబడుతుంది. ఎవరి లేఖ వారిదే.

ఈలోగా కొంత డబ్బు ఇచ్చి సంతకం పెట్టమంటారు. పూర్తిగా ముట్టిందని ఉంటే పెట్టకండి. అందిన మొత్తం ఎంతో అంకెల్లో రాసి, "మిగిలినది రావాల్సి ఉంది" అని మీ చేత్తో రాశాకే పెట్టండి. రికవరీకి, అంటే నష్టాన్ని మీ జీతంలోంచి పట్టుకోవడానికి, సమ్మతి అనే కాగితం ఇస్తే, చదువుకుని చెబుతానని కాపీ అడగండి.

7 రోజులు దాటితే లేబర్ ఆఫీసుకి. ఫిర్యాదు చేయడానికి గడువు ఎన్నాళ్లో అక్కడ మొదట అడగండి. అది కొన్ని దేశాల్లో నెలల్లోనే ముగిసిపోతుంది. విచారణ తేలాక చూద్దామని ఆగితే ఆ గడువు దాటిపోవచ్చు.

ఆఫీసు ల్యాప్‌టాప్, తాళాలు మీ దగ్గరుంటే జీతం ఇచ్చేదాకా ఇవ్వనని పట్టుకు కూర్చోకండి. అడగ్గానే ఇచ్చేసి రసీదు తీసుకోండి.