పచ్చబొట్టు పని నేర్చుకుందాం – 4వ పాఠం: గీత నిలబడేది ఎడమచేతి మీద

మూడు పాఠాలైనా మీతో మెషీన్ ఒక్కసారి కూడా ఆన్ చేయించలేదు. చేతులు కడుక్కోవడం, బల్లకి ప్లాస్టిక్ చుట్టడం, స్టెన్సిల్ (చర్మం మీదికి అచ్చు దించే బొమ్మ) తీయడం, నోట్‌బుక్ నిండా గీతలు గీయడం, ఇదే సరిపోయింది. విసుగొచ్చే ఉంటుంది. నేను షాపులో చేరిన కొత్తలో కూడా నాలుగు నెలలు ఇదే పని, పొద్దున ఊడవడం, కస్టమర్ లేచాక కుర్చీ తుడవడం, సాయంత్రం ఓ మూల కూర్చుని గుండ్రాలు గీయడం. ఆ నాలుగు నెలలు వృథా అని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు అనుకోను. సరే, ఇవాళ సూది పట్టుకుందాం.

పట్టే ముందు ఒక్క మాట. ఈ పాఠంలో చేసేదంతా ప్రాక్టీస్ స్కిన్ మీదే, అంటే చర్మంలా ఉండే షీటు మీదే. మీ తొడ మీద వద్దు, మీ తమ్ముడి చెయ్యి మీద అసలే వద్దు. చదివి నేర్చుకునేది ఇక్కడిదాకానే వస్తుంది, మనిషి ఒంటి మీద మొదటి గీత మాత్రం నేర్పేవాళ్ళు పక్కన కూర్చుని చూస్తుండగానే గీయాలి. మీరు ఏ షాపులోనైనా పనికి చేరబోతుంటే హెపటైటిస్ బి టీకా ఈ వారమే మొదలుపెట్టండి. మామూలుగా మూడు డోసులు, మొదటిది వేయించుకున్న నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. రక్తం దగ్గర పని చేస్తాం కాబట్టి దీన్ని తర్వాత చూద్దాంలే అని వదిలేయకండి.

ఇక గీత. చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి, దాదాపు నెల రోజుల్లో కొత్తది వచ్చేస్తుంది. అక్కడ పడిన రంగు దాంతోపాటే పోతుంది. దాని కింది పొరలో పడిన రంగుని మాత్రం అక్కడి కణాలు మింగి తమలో దాచుకుంటాయి, అందుకే అది జీవితాంతం ఉంటుంది. మనం చేరాల్సింది ఆ కింది పొరకి. అటూ ఇటూగా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతు, అది కూడా ఒళ్ళంతా ఒకేలా ఉండదు. తక్కువ లోతులో పడితే మానాక గీత తెగి తెగి కనిపిస్తుంది. ఎక్కువ లోతుకి పోతే రంగు కొవ్వులోకి పాకి, గీత చుట్టూ నీలం మబ్బులా పరుచుకుంటుంది. దీన్నే బ్లోఅవుట్ అంటారు. రబ్బరుతో తుడిచేస్తే పోయేది కాదు అది.

సూది డబ్బా మీద 1207 ఆర్‌ఎల్ అని ఉంటే, 12 అంటే ఒక్కో సూది మందం 0.35 మిల్లీమీటర్లు, 07 అంటే ఏడు సూదులు, ఆర్‌ఎల్ అంటే గుండ్రంగా కట్టిన లైనర్, గీతలు గీసే సూది. మొదట ఏడు సూదులదే తీసుకోండి. సన్నగీత అందంగా ఉంటుందని అందరూ మూడు సూదుల దానికి ఎగబడతారు, కానీ సన్నగీతలో చేతి వణుకంతా బయటపడుతుంది, పైగా అది చర్మాన్ని తేలిగ్గా కోసేస్తుంది.

ఇప్పుడు అసలు పాఠం. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన కరెంటుతో నడిచే టాటూ మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఎడిసన్ చేసిన ఎలక్ట్రిక్ పెన్ దానికి మూలం. ఆ పెన్ కాగితానికి వరసగా చిల్లులు పొడిచేది, ఆ చిల్లుల్లోంచి సిరా పోనిచ్చి కాపీలు తీసేవాళ్ళు. బల్ల మీద పరిచిన కాగితం కదలదు, చర్మం కదులుతుంది. సూదితోపాటు వంగుతుంది, జరుగుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. మెషీన్ కుడిచేతి పనిని తేలిక చేసింది గానీ ఎడమచేతి పని మాత్రం అప్పుడెట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

మా నానమ్మకి ముంజేతి మీద చుక్కల పచ్చబొట్టు ఉండేది. ఊళ్ళోకి వచ్చిన ఎరుకల ఆమె పొడిచిందట. దీపపు మసిని ఆకు పసరులో కలిపి, రెండు మూడు సూదులు దారంతో కట్టి పొడిచేది. (నల్లటి మసే, చర్మం కింద ఉండటంతో పచ్చగా కనిపిస్తుంది.) నొప్పి ఎట్లా ఉండిందని అడిగితే నానమ్మ నొప్పి గురించి చెప్పలేదు. "నా చెయ్యి ఆమె మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళతో అటూ ఇటూ లాగి పట్టిందిరా, కదలనిస్తేనా" అంది. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆమెకి గుర్తున్నది ఆ పట్టు. షాపులో అన్న నాకు నెలల తరబడి నేర్పిందీ అదే.

ఎట్లా పట్టాలంటే, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు గీతకి చెరోవైపు పెట్టి ఎడంగా లాగండి. కుడి అరచేతిలో మణికట్టు వైపు ఉండే భాగాన్ని చర్మానికి ఆనించి మూడో దిక్కుకి లాగండి. మూడు దిక్కులా లాగితేనే మధ్యలో ఉన్న చర్మం కాచిన డప్పులా బిగుస్తుంది. చర్మానికి రాసే వాజలైన్ వల్ల వేళ్ళు జారతాయి కాబట్టి ఎడమచేతి వేళ్ళ కింద పొడి టిష్యూ మడత పెట్టుకోండి. గీత ముందుకి పోతున్నకొద్దీ ఎడమచెయ్యి కూడా జరగాలి. జరిపేటప్పుడు సూది పైకి తీయండి, మళ్ళీ బిగించాకే దించండి.

ప్రాక్టీస్ స్కిన్ బల్లకి నాలుగు వైపులా టేపు వేసి అతికిస్తే ఇది ఎప్పటికీ రాదు. ఒక మెత్తటి స్పాంజి మీద షీటు పరిచి పైన రెండు మూలలకే టేపు వేయండి, కింద వదిలేయండి. మొదట వదులుగా ఉన్నప్పుడు ఒక గీత గీయండి, సూది షీటుని తనతో ఈడ్చుకుపోతుంటే చేతికి తెలుస్తుంది. తర్వాత బిగించి పక్కనే ఇంకో గీత. ఆ రెండు గీతల్ని కాసేపు చూస్తూ కూర్చోండి, నేను ఇంకో పేజీ రాసినా అంతకంటే బాగా చెప్పలేను.

నా దగ్గర జరిగిన తప్పు చెప్తాను. ఆర్మీకి ప్రిపేర్ అవుతున్న నా ఫ్రెండ్ ఒకడు వాళ్ళ అమ్మ పేరు వేయించుకుంటానన్నాడు. ఆర్మీలో మామూలుగా ముంజేయి లోపలివైపు, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతి వెనకవైపు ఉన్న టాటూలనే ఒప్పుకుంటారు. అందుకని మణికట్టుకి కాస్త పైన, లోపలివైపు ఎంచుకున్నాడు. అక్కడ చర్మం చాలా పల్చన. మూడో అక్షరం దగ్గర నా ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు వదులైంది. గీత సరిగ్గా పడటం లేదనిపించి, ఆగాల్సింది పోయి సూది ఇంకాస్త నొక్కాను. రెండు వారాల తర్వాత వాడు చెయ్యి చాపితే ఆ అక్షరం కొమ్ము పక్కన నీలం నీడ. అన్న చూసి, సూది గురించి, వోల్టేజి గురించి ఏమీ అడగలేదు. "ఎడమచెయ్యి ఎక్కడుంది అప్పుడు?" అన్నాడు. వాడు నన్ను ఏమీ అనలేదు, కానీ అది వాళ్ళ అమ్మ పేరు. వేళ్ళు తిమ్మిరెక్కితే ఆగండి. గ్లోవ్స్ విప్పి, చెయ్యి దులుపుకుని, కొత్త గ్లోవ్స్ వేసుకుని మళ్ళీ కూర్చోండి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. రోటరీ మెషీన్ (మోటారుతో నడిచేది) అయితే ఏడు వోల్టుల దగ్గర మొదలుపెట్టి మీ చేతి వేగాన్ని బట్టి మార్చుకోండి. చెయ్యి మరీ నెమ్మదైతే సూది అక్కడక్కడే పడి చర్మం నలుగుతుంది, మరీ తొందరైతే గీత చుక్కలు చుక్కలుగా వస్తుంది. పొడుగు గీతకి మణికట్టు కాదు, మోచెయ్యి కదలాలి. కుడిచేతివాటం వాళ్ళు బొమ్మ కింద కుడి మూల నుంచి పైకి రండి, లేకపోతే తుడిచినప్పుడల్లా ఇంకా గీయని స్టెన్సిల్ చెరిగిపోతుంది.

ఈ వారం పని: రోజూ జానెడు పొడుగు గీతలు పది, ఆ తర్వాత ఒక మెలికల ముగ్గు, చిన్నదే, మూడు చుక్కలది. మెలిక తిరిగే ప్రతిచోటా లాగే దిక్కు మారుతుంది, ఎడమచేతికి అంతకంటే మంచి కసరత్తు నాకు తెలీదు. అయ్యాక షీటు తిప్పి వెనక చూడండి. ఎక్కడైనా సిరా వెనక్కి దిగి ఉంటే అక్కడ లోతు ఎక్కువైనట్టే, ఆ చోట పెన్నుతో గుండ్రం చుట్టి తేదీ వేయండి. షీట్లు పారేయొద్దు, వచ్చే పాఠంలో వాటి మీదే షేడింగ్ (గీతల మధ్య నీడలు నింపడం) చేస్తాం.